ఆకుకి ఏ రంగు, మాస్టారూ?

మునిసిపల్ ఆఫీసులో ప్లాన్లు గీసే ఆయన్ని అందరూ గీతల మాస్టారు అనేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పి ఎరగడు. స్కేలు పట్టకుండా బారెడు గీత తిన్నగా లాగేస్తాడని ఆ పేరు. ఇరవై ఏడేళ్ళుగా వీధులూ, మురుగు కాలవలూ, నీళ్ళ గొట్టాలూ అన్నీ నల్ల సిరాతోనే గీశాడు. ఏ ప్లానుకైనా రంగులు వెయ్యాల్సి వస్తే, "నాకు చెయ్యి ఖాళీ లేదు, కాస్త మీరు కానివ్వండి" అని పక్క సీటు వాళ్ళ మీదకి తోసేసేవాడు.

అసలు సంగతి ఆయన భార్య ఒక్కదానికే తెలుసు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కళ్ళకి ఒకటే మట్టి రంగు. ఉద్యోగంలో చేరేముందు డాక్టరు పరీక్ష జరిగిన రోజున, వరసలో ముందున్నవాళ్ళు రంగు చుక్కల పుస్తకం చూసి అంకెలు పైకి చదువుతుంటే విన్నాడు. ఆ అంకెలే బట్టీపట్టి, తన వంతు రాగానే అప్పజెప్పేశాడు. అప్పటినుంచీ ఎవరైనా "ఆ ఎర్ర ఫైలు ఇలా ఇవ్వండి" అంటే చాలు, వినబడనట్టు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుందనగా దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు నిండాయి. ప్రతి ఊరూ తనకంటూ ఒక లోగో చేయించుకోవాలనీ, ఏడాది పొడుగునా ఉత్తరాల మీదా బానర్ల మీదా అదే ఉండాలనీ పైనుంచి ఉత్తర్వు దిగింది. ఇంజనీరు ఆ కాగితం తెచ్చి ఆయన బల్లమీద పెట్టాడు.

"మీరు కాక మనకింకెవరున్నారండీ? పదిరోజులే టైము. రంగుల్లో ఉండాలట."

కాదనలేక మాస్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య రంగు సీసాలన్నీ కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసి, మూతలమీద ప్లాస్టరు ముక్కలంటించి పేర్లు రాసింది. బొమ్మకి మాత్రం ఆయన తడుముకోలేదు. ఊరికి మొట్టమొదట నీళ్ళిచ్చిన పాత పంపుహౌసులో ఆరు కమ్మీల ఇనప చక్రం ఒకటుంది. యాభైలో సున్నాగా ఆ చక్రాన్నే కూర్చోబెట్టి, అయిదు అంకె కొసన ఒక ఆకు మొలిపించాడు. ఆకులో రంగు నింపేముందు మూతమీద పేరు మూడుసార్లు చదివి, "ఇదేనంటావా?" అని వంటింట్లోకి కేకేశాడు.

"అదేనండీ బాబూ! సీసా మారిందా ఏమన్నా?"

లోగో కమిషనరు మేడానికి తెగ నచ్చింది. "చక్రం బాగా కుదిరింది. సోమవారం కంప్యూటర్లో ఎక్కిస్తారు. మీరే దగ్గరుండి, మా అందరి ముందూ రంగులు ఖాయం చెయ్యండి" అంది.

ఆదివారమంతా ఆయన రంగు సీసాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"సెలవు పెట్టెయ్యండి. జ్వరమని నేను ఫోను చేస్తాలెండి" అంది భార్య.

"సోమవారం మానేస్తే మంగళవారం రమ్మంటారే. ఎన్నాళ్ళని జ్వరం తెచ్చుకోను?"

సోమవారం మీటింగు గదిలో గోడమీద తెర వేలాడదీశారు. కంప్యూటర్ అమ్మాయి ఆకుని పెద్దది చేసి, దూరానికి బాగా కనబడుతుందేమోనని తను వేసిన రంగులో ఒకటీ, మాస్టారు వేసిన రంగులో ఒకటీ పక్కపక్కనే చూపించింది.

"ఆకుకి ఏ రంగు, మాస్టారూ? ఇదా, అదా?"

రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఇక్కడ మూతలూ లేవు, పేర్లూ లేవు. "మొదటిది" అన్నాడు.

గదిలో ఎవరో దగ్గారు.

"ఎర్రటి ఆకా?" అంది మేడం.

"మాస్టారి ఆలోచన ఏదో ఉండే ఉంటుంది మేడం. చిగురాకు కాబోలు, అది ఎర్రగానే ఉంటుంది కదా" అని ఇంజనీరు అందుకున్నాడు.

తప్పించుకోవడానికి దారి దొరికింది. అవునంటే సరిపోయేది. కానీ ఆ వెనకే ఇంకో రంగు అడుగుతారు, తర్వాత మరొకటి. ఆయన కుర్చీ పట్టుకుని లేచాడు.

"ఆలోచనా లేదు, పాడూ లేదండీ. ఆ రెండూ నాకు ఒకటే. పుట్టినప్పట్నించీ ఇంతే."

"మరి ఉద్యోగానికి పరీక్ష చేసుండాలే?" అంది మేడం.

అదీ చెప్పేశాడు. మేడం "మీ సీటుకి వెళ్ళండి" అంది.

రంగులు ఆ అమ్మాయే ఖాయం చేసింది. లోగో అచ్చుకి వెళ్ళింది. మాస్టారికి మాత్రం ఏ కబురూ లేదు. ప్యూను తన బల్లవైపు నడిస్తే చాలు, ఉద్యోగం ఊడినట్టే అనిపించేది. సొరుగులో సొంత సామాన్లు ఒక్కొక్కటే ఇంటికి చేరవేశాడు. మూడోవారంలో పిలుపు వచ్చింది. మేడం ముందు అంచులు చిరిగిన పాత ఫైలు తెరిచి ఉంది.

"కూర్చోండి. ఆ చుక్కల పుస్తకం డ్రైవర్లకండీ. ఆ రోజు రెండు ఉద్యోగాల వాళ్ళనీ ఒకే వరసలో నిలబెట్టారు. మీ ఉద్యోగానికి చూపు ఆనితే చాలు. మీకా పరీక్షే అక్కర్లేదు."

ఆయన నమస్కారం పెట్టడం కూడా మరిచి బయటికొచ్చి, కుళాయి కింద మొహం పెట్టి అలాగే నిలబడిపోయాడు.

ఇంట్లో చెబితే భార్య చేతిలో చాట కిందపెట్టి కూలబడింది.

"అంటే ఇన్నేళ్ళూ మనం ఉత్తినే చచ్చామా? ఎవర్నన్నా ఒక్కసారి అడిగితే మీ సొమ్మేం పోయేది?"

"అడిగితే తెలిసిపోతుందని..."

"ఇప్పుడు తెలిసింది కదా, ఏమైంది?"

ఆయన వంగి చాట తీసి గోడకి ఆనించాడు. దీపాలు పెట్టే వేళకి వంటింట్లోంచి ఆవిడ గొంతు వినబడింది.

"రేపు ఇంజనీరుగారిని భోజనానికి పిలవండి. మీ గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని ఇన్నేళ్ళూ ఆయన్ని గుమ్మంలోంచే పంపించాను."

"రేపేనా?" అన్నాడు మాస్టారు. బయటపడడానికి ఇంకేమీ మిగలకపోయినా, ఆయనకి మళ్ళీ గుబులు పట్టుకుంది.