నూట ఇరవై డిగ్రీల దూరంలో నా నోరు

ఆ రోజుల్లో నేను అసూయను కూడా డిగ్రీల్లోనే కొలిచేవాడిని. రాజపాళయంలో మేం వెళ్లే ఫిజియోథెరపీ గదిలో ఉన్నవి ఇవి: బల్లలు రెండు, గోడకు కప్పీ ఒకటి, కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు ఒకటి, వ్యాయామం చేయించే మేడమ్ ఒకరు, విరిగిన కుడి మోచేతులు రెండు. ఒకటి నాది, రెండోది పక్క ఊరు సత్రపట్టి నుంచి వచ్చే అవ్వది. మెకానికల్ డిప్లొమా చేసి స్పిన్నింగ్ మిల్లులో ట్రైనీగా చేరిన నాలుగో నెలలో, చోళపురం మలుపులో బండి జారి నేను పడ్డాను. అదే రోజు ఆమె తన ఇంటి గడప దగ్గర జారింది. ఒకే డాక్టరు ఒకే ఉదయం ఇద్దరికీ ఆపరేషన్ చేశారు. నాకు ప్లేటు, ఆరు స్క్రూలు. ఆమెకు రెండు పిన్నులు, ఒక తీగ. (నాదే పెద్ద పని అని కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా.)

లెక్క సులువు. చెయ్యి నోటికి అందాలంటే మోచేయి నూట ఇరవై డిగ్రీలు వంగాలి. మా అక్క పెళ్లికి ఎనిమిది వారాలుంది. ఎడమ చేత్తో తింటానంటే అమ్మ ఒప్పుకోదు. అంటే పెళ్లికొడుకు వాళ్లందరి ముందూ, ఇరవై రెండేళ్ల నాకు అమ్మ ముద్దలు కలిపి పెడుతుంది. అందుకే నోటుపుస్తకంలో పట్టిక గీసి రోజూ నా డిగ్రీలు రాసుకున్నాను. పక్క గడిలో అవ్వవి కూడా రాశాను. తప్పు అక్కడే జరిగింది.

మూడో వారానికి నాది ఎనభై, ఆమెది నూట ఇరవై అయిదు. ఆ రోజు ఆమె తన కొప్పు తానే ముడుచుకుని వచ్చింది.

"ఏం తంబీ, ఇంగా అంతేనా?"

"నాకు ప్లేటు పెట్టినారు అవ్వా, అందుకే."

"ప్లేటు ఉండి ఏం? సాపాటు లోపలికి పోవల్ల కదా!"

అమ్మ కూడా ఆమె పక్షమే. "అరవై అయిదేండ్ల ఆమెను చూసి నేర్చుకోరా!" ఆ పూట నాకు అన్నం సహించలేదు. (పెట్టింది అమ్మే.)

బిగిసిన కీలుకు బరువు పెట్టాలని నా చదువు చెప్పింది. వెల్లకిలా పడుకుని, రెండు కిలోల తూకపు రాయి మణికట్టుకు కట్టి, చేతిని భుజం వైపు వంచాను. మర్నాటికి మోచేయి వాచింది. కొలత అరవైకి పడింది.

"ఇది మనిషి చెయ్యి, మిషన్ కాదు," అన్నారు డాక్టరు. "బలవంతం చేస్తే ఇంగా బిగుసుకొంటుంది. నొప్పి లేకుండా కొంచెం కొంచెంగా, దినమంతా వంచు."

నీ చెయ్యి ఎట్ల వంగిందని సిగ్గు విడిచి అవ్వను అడిగాను. ఆమె సంచిలోంచి తెల్లని బ్యాండేజ్ గుడ్డ తీసింది. "మా ఊర్లో ఈ గుడ్డ నేసి మడిచేదే కదా పని. ఒక చేత్తో ఎట్ల మడిచేది? మెల్లగా రెండోదీ పెడితిని. నువ్వూ మడువు." చెయ్యి చాచి, గుడ్డను ఛాతీ దాకా లాగి, మడిచాను. పక్కన ఆమె మడతలు లెక్కపెడుతూనే ఉన్నాను.

పెళ్లి రోజుకి నూట పద్దెనిమిది వచ్చింది. తక్కువైన రెండు డిగ్రీలకు మెడ వంచి, నా చేత్తో నేనే తిన్నాను. అమ్మ పిలిస్తే పెళ్లికొచ్చి, ఎదుటి వరుసలో నిటారుగా కూర్చుని తింటున్న అవ్వ కేకేసింది: "ఏం తంబీ, ఆకుకి దండం పెట్టుకొంటా ఉండావా?" అందరికంటే గట్టిగా నవ్వింది అమ్మ.

మొన్న ఆ నోటుపుస్తకం దొరికింది. ముసలామెతో పోటీపడిన ఆ కుర్రాడిని చూసి నవ్వొచ్చింది. ఆఖరి వరుస వెతకడానికి మాత్రం నవ్వు ఆపాను. నాది నూట ఇరవై ఎనిమిది. అవ్వది నూట ముప్పై అయిదు.