అరచేతి తూకం

అరసవల్లిలో కంప్యూటర్లు బాగుచేసే అక్క ఒకామె ఉండేది. కంప్యూటర్‌కి కరెంటందించే పవర్ సప్లై డబ్బా కొత్తది ఏదొచ్చినా, దానిమీద రాసిన వాట్లు ఆమె చదివేది కాదు. కళ్లు మూసుకుని, అరచేతిలో రెండుసార్లు ఎత్తి దించేది. ఒడ్డున చేపలమ్మిన తల్లి దగ్గర నేర్చుకున్న తూకం అది. "లోపల సరుకుంటే బరువే సెప్తాది తమ్ముడూ," అనేది. తేలిగ్గా ఉన్నవాటిని వచ్చిన దారినే పంపేసేది.

అలా ఆమె తూచి ఇచ్చిన డబ్బానే నా డీటీపీ షాపులో పెట్టుకున్నాను. నెల తిరక్కుండా, పదో తరగతి పిల్లల హాల్ టికెట్లు ప్రింటు తీస్తుంటే పొగొచ్చి ఆగిపోయింది. కోపంగానే పట్టుకెళ్లాను.

అక్క షాపులో నలుగురున్నారు. ఆమె వాళ్లముందే డబ్బా విప్పింది. లోపల సగం ఖాళీ. అడుగున, బరువు కోసం, ఒక ఇనపముక్క బిగించి ఉంది.

ఆమె దాన్ని ఊడదీసి కౌంటర్ మీద పెట్టింది. "మాయమ్మ పొట్ట నొక్కి సూడకుండా ఏనాడూ సేప కొన్లేదు. నాను బరువొక్కటే నేర్సుకున్నాను," అంది.

అప్పటికప్పుడే అలాంటి డబ్బాలన్నీ అరలోంచి దించేసింది. కొన్నవాళ్లకి తనే ఫోన్లు చేసింది. "నాను తప్పు తూసేను. ఎనక్కి తెచ్చీండి," అని ఒక్కొక్కరికీ చెప్పింది.

తరవాత ఎప్పుడెళ్లినా ఆ ఇనపముక్క కౌంటర్ మీదే కనిపించేది. కొత్త డబ్బా వస్తే ఆమె ముందు ఆ డబ్బాని అరచేతిలో పెట్టుకునేది. ఆ తరవాత స్క్రూడ్రైవర్ అందుకునేది.