కొబ్బరినీళ్లు తాగిన కొలిమి

మా నాన్నకు బొగ్గుల పొగ పడదని మా దీవిలోని రోజ్ బెల్ ఊరి డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ కొలిమి ముందు కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో డాక్టరుకేం తెలుసు? పని మానేస్తే ఆయన మంచం ఎక్కుతాడు. మానకపోతే దగ్గు ఆయన్ని మంచం ఎక్కిస్తుంది. అందుకే గ్యాసు కొలిమి కట్టుకుందాం అన్నాను.

"వంటింటి మంటకి ఇనుము కాల్తాదేటే? కాలేజీలో ఇదేనా నేర్పినారు?" అన్నాడు.

"ఇది నేర్పలేదు. నీతో వాదించడమూ నేర్పలేదు. అది పుట్టుకతో వచ్చింది."

చక్కెర మిల్లు వర్క్‌షాపులో పనిచేసే మా అన్న బర్నరు తయారు చేశాడు. పాత ఇనప పీపాను అడ్డంగా పడుకోబెట్టి, లోపల వేడికి ఆగే ఇటుకలు పేర్చి, మిల్లు పొయ్యిలకు వాడే సిమెంటు పూశాడు. మర్నాడే, పూత పచ్చిగా ఉండగానే, నాన్న మంటను నిండుగా తిప్పేశాడు. లోపలి తడి ఆవిరై ఎటు పోతుంది? టపటపమంటూ పూతంతా పెచ్చులూడింది. ఒక పెచ్చు ఎగిరొచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది.

"చూసినావు గదా. ఇంకొక్కసారి ఇలాగైతే నాను బొగ్గులకే పోతాను" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

రెండోసారి పని నా కళ్ల ముందే జరగాలని బడికి సెలవు పెట్టి మరీ వచ్చాను. పాత పూత గీకి, ఇటుకలు తడిపి, కొత్త పూత పలచగా ఒక పొర మీద ఒక పొర వేశాం. ముందు తడి గోనె కప్పాం. పూత గట్టిపడ్డాక గోనె తీసి నీడలో ఆరనిచ్చాం. తర్వాత కోడిపిల్లల గూట్లో పెట్టినట్టు లోపల ఒక కరెంటు బల్బు వెలిగించాం. ఆ పైన కాసేపు సన్నమంట, చల్లారాక ఇంకాస్త పెద్ద మంట. నాన్న పీపా చుట్టూ తిరుగుతూ సణుగుతూనే ఉన్నాడు.

"ఇంగ్లీషోడు మన దీవిలో జెండా దించుకుని పోయేలా ఉన్నాడు గానీ, నీ కొలిమి మాత్రం వెలగదు నాన్నా" అని అన్న ఏడిపించాడు.

చివరికి పూర్తి మంట పెట్టే రోజు వచ్చింది. అమ్మ తలస్నానం చేసి, పీపాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నేను చూస్తుండగానే కొబ్బరికాయ తీసి పీపా అంచుకే కొట్టింది. నీళ్లన్నీ లోపలికి పోయాయి. ఆరిన పూత వాటిని గుటుక్కున తాగేసింది.

"అయ్యో అమ్మా! బయట కొట్టకూడదా?"

"కాయ కొట్టింది కొలిమికే, వీధికా?"

"దేవుడు తాగలేదు, పూత తాగింది!"

"నోర్ముయ్యే. టీచరమ్మవి బళ్లో, నా వాకిట్లో కాదు."

అన్న తల పట్టుకుని, మిల్లులో మాట్లాడే క్రియోల్‌లోకి దిగాడు. "ఆస్తేర్ కి పు ఫేర్? ఇప్పుడేటి చేద్దాం?"

నాన్న చెయ్యి అప్పటికే గ్యాసు మర మీద ఉంది. ఇన్నాళ్లు ఆగిన మనిషి ఇంకా ఆగుతాడని నాకు నమ్మకం లేదు. తిప్పితే పూత పోతుంది, ఆయన బొగ్గులకు పోతాడు. నోటిదాకా వచ్చిన మాటల్ని కష్టపడి మింగాను. నేనొద్దంటే పంతానికైనా తిప్పుతాడు.

ఆయన వంగి పీపాలోకి చూశాడు. పూత మీద నల్లగా తడి మరక పరుచుకుంటోంది. మర మీంచి చెయ్యి తీశాడు.

"ఆ చిప్ప ఇలా తే" అని అమ్మనడిగి, కొబ్బరి ముక్క నములుతూ అరుగు మీద కూర్చున్నాడు. "ఆరనీ. నాకేటి తొందర?"

"మొదటిసారీ ఈ మాటే అనుంటే..." అన్నాను. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"అన్నావులే. పోయి బల్బు తే."

మళ్లీ మొదటికొచ్చాం. బల్బు, సన్నమంట, చల్లారడం. పూర్తి మంట పెట్టిన రోజు పీపా లోపలంతా మోదుగుపువ్వులా ఎర్రబడింది. మేం చెవులు రిక్కించి విన్నాం. గ్యాసు బుసే తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఒక్క పెచ్చూ ఊడలేదు.

ఆ మధ్యాహ్నం నాన్న ఒక చెరకు కత్తి సాగగొట్టాడు. దగ్గొచ్చి ఒక్కసారి కూడా పని ఆపలేదు.

"కాయ కొట్టబట్టే నిలిచింది" అంది అమ్మ గుమ్మంలోంచి.

నేను నోరు తెరిచేలోపే నాన్న పటకారు నా వైపు ఊపాడు. "నువ్వు మొదలెట్టకే. ఇనుము చల్లారిపోతాది."