తాపీ బయటపడిన గోడ

తూకంగుండు మేస్త్రి కట్టిన గోడ ఒరిగిందన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. ఆ సంగతి అందరికంటే ముందు చెప్పేది ఆయనే. బజారు చుట్టూ ప్రహరీ ఆయనది. వంతెన కింది దిమ్మెలు ఆయనవి. ఊరి బడిలో నాలుగో తరగతితో చదువు ఆపేసి, పెద్దయ్యాక అదే బడికి మెట్లు కట్టాడు. "నా మెట్లెక్కకుండా ఎవడూ పెద్ద చదువులకి పోలేదు" అంటాడు.

ఆయనకో పద్ధతి ఉంది. పని మొదలుపెట్టేటప్పుడు అరిగిపోయిన పాత తాపీని పునాదిరాయి కింద పడుకోబెట్టి, దాని మీద మొదటి వరస పేర్చేవాడు. గోడ కూలితే తప్ప ఆ తాపీ మళ్లీ వెలుగు చూడదు. అలా పాతినవాటిలో ఒక్కటీ ఇంతవరకు వెలుగు చూడలేదు.

అన్నిటిలోకీ ఆయనకు ముద్దొచ్చేది ఇంటి ముందున్న సముద్రపు గోడ. ఒక తుఫానుకు ఇంటి ముంగిలి అంచు కోసుకుపోతే, ముసలితనంలో కూడా తానే రాయి మోసి కట్టాడు. అలలు వచ్చి దానికి తల బాదుకుని వెనక్కి పోతుంటే అరుగు మీద కూర్చుని మురిసిపోయేవాడు. ఆ గోడని చూసినంత సేపు తనని ఎప్పుడైనా చూశాడా అని ఆయన భార్య వచ్చినవాళ్లనల్లా అడిగేది.

కూతురు చేపల వేటకి పోతుంది. తిరిగొచ్చి పడవను ఇంటి ముందు ఇసుక మీదికే లాగేది. గోడ లేచినప్పటి నుంచీ ఆ ఇసుక ఏడాదికేడాది కుంగిపోతోంది. ఇప్పుడు పోటు వచ్చిందంటే పడవ ఆనడానికి జానెడు చోటు లేదు. పడవ అడుగు గోడ రాళ్లకు గీసుకుని చెక్కలు లేస్తున్నాయి. పెద్ద రేవులో ఉన్న పడవలకే చోటు చాలదు, ఆమెకు ఇవ్వరు. ఒడ్డు లేకపోతే పడవ అమ్ముకోవడమే, అమ్మితే ఇంకొకరి పడవలో కూలికి పోవడమే.

నాన్నతో మొదట నెమ్మదిగానే చెప్పింది. ఆయన దారానికి కట్టిన తూకంగుండు తెచ్చి గోడకు వేలాడదీసి, వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించమన్నాడు.

"గోడ బాగానే ఉంది నాన్నా. ఇసుకే లేదు."

ముసురు రోజుల్లో పెద్ద అలలు ఒడ్డు ఇసుకను లాక్కుపోయి, కాస్త లోపల నీళ్లకింద మెట్టలాగా పోస్తాయని చెప్పింది. తర్వాత వచ్చే అల ఆ మెట్ట మీదే విరిగి నీరసపడుతుంది. సముద్రం చల్లబడ్డాక చిన్న అలలు ఆ ఇసుకనే మళ్లీ కొద్దికొద్దిగా ఒడ్డుకు చేరుస్తాయి. ఒడ్డంటే ఆ రాకపోకలే. ముంగిలి మట్టీ ఇసుకా ఆ రాకపోకల్లోదే. దాన్ని ఆయన గోడ వెనక కట్టిపడేశాడు. ఇప్పుడు అల విరగడానికి ఇసుక లేదు. గోడను గుద్ది, వెనక్కి పోతూ పోతూ గోడ మొదట్లో తవ్వుకుపోతోంది.

"పడవ నడిపేదానివి, గోడల గురించి నాకు చెప్తావా?" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె కూర్చున్న చోట కూర్చోలేదు.

ఒక పొద్దున పడవ కొనడానికి మనిషి వచ్చాడు. కూతురు అంత పని చేస్తుందని మేస్త్రి అనుకోలేదు. అతను చెక్కలు కొట్టి కొట్టి చూస్తుంటే చూడలేక, ఆటు సమయం కావడంతో గోడ కిందికి దిగి, ఆ వారనే నడిచాడు. ఒకచోట కాలికి ఏదో తగిలింది. కొయ్యపిడి. వంగి చూస్తే తన తాపీ.

ముందు తల పైకెత్తి గోడను చూశాడు. పడలేదు. జేబులోంచి గుండు తీసి వదిలాడు. దారం రాయిని రాసుకుంటూ తిన్నగా దిగింది, దిగి గాల్లో ఆగింది. పునాది కింద చెయ్యి దూరేంత బోలు. నడుములోతు ఇసుకలో పెట్టిన వస్తువది. జీవితమంతా పైనున్నది తిన్నగా ఉందో లేదో చూశాడే గాని, కిందున్నది ఉంటుందనే నమ్మాడు. గుప్పెడు ఇసుక తీసి చూసుకున్నాడు. తాను రాళ్లు కొట్టిన కొండ ముక్కలు కూడా ఎప్పుడో ఏటిలో పడి, అరిగి, ఇలాగే వచ్చి ఉంటాయి. తట్టలకు తట్టలు ఇసుక కలిపిన చెయ్యే, అది ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతోందో ఏనాడూ అడగలేదు.

తాపీ పట్టుకుని పడవ దగ్గరికి వెళ్లాడు.

"పడవ అమ్మటం లేదు బాబూ."

"ఎవరన్నారు?" అంది కూతురు.

"గోడ కట్టినవాడు. వెళ్లి గడ్డపార పట్రా."

ఆటు దొరికినప్పుడల్లా గోడను పైవరస నుంచి విప్పుకుంటూ వచ్చారు. ఆ రాయితోనే, ముంగిట్లో ఉన్న వలల కొట్టాన్ని ఇంటి వెనక్కి మార్చి కట్టాడు. ముసురు పట్టగానే ముంగిలి అంచు కరగడం మొదలైంది. బట్టలుతికే బండ జారి నీళ్లలో పడిన రోజు భార్య బట్టల మూట ఎత్తుకుని పక్కింటి బండ దగ్గరికి పోయింది. అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది. ఇసుక తిరిగొస్తుందిలే అన్నాడు గాని, గొంతులో ధీమా లేదు.

సముద్రం చల్లబడింది. ఇసుక వచ్చింది. మునుపటంత కాదు, ముంగిలీ మునుపటంత లేదు. పడవ ఆనడానికి మాత్రం సరిపోయింది. కూతురు ఆ పాత తాపీతో పడవ అడుగున పట్టిన నాచు గీకుతుంటే, మేస్త్రి దారినపోయేవాణ్ణెవరినో ఆపి బజారు ప్రహరీ, వంతెన దిమ్మెలు, బడి మెట్లు వరసగా చెప్పి, ఇసుక వైపు చెయ్యి చూపించాడు.

"విప్పిన గోడ కూడా మీ గొప్పేనా?" అంది లోపల్నుంచి భార్య.

"ఒక్క రాయి పగల్లేదు. కావాలంటే వెళ్లి కొట్టాం చూసుకో."