శుభలేఖ వెనక బూరుగుచెట్టు

మా పార్కు డ్రాయింగు మాస్టారు పోయారు. సోమవారం పొద్దున్న గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి చెప్పాడు.

"మాస్టారు లేరండీ. నిద్దట్లోనే పోయారంటండీ. తాడేపల్లిగూడెం నుంచి మేనకోడలుగారొచ్చి అన్నీ చూసుకున్నారండీ."

ఆయనకి భార్యాపిల్లలు లేరు. ఏలూరులో ఆయనది అనదగ్గది ఏదైనా ఉంటే అది ఈ పెద్ద పార్కే. ఆ రోజు నేను నడవకుండానే ఇంటికి వచ్చేశాను.

స్కూల్లో రిటైరయ్యాక ఆయన రోజూ పొద్దున్న ఆరింటికల్లా వచ్చి, మా వాకర్ల బెంచీ చివర కూర్చునేవారు. సంచీలోంచి పాత శుభలేఖ ఒకటి తీసి, వెనక తెల్లగా ఉన్నచోట పెన్సిలుతో పార్కుని గీసేవారు. "ఇంత మంచి అట్ట ఎక్కడ దొరుకుతుందండీ? పైగా మనల్ని ఒకరు పిలిచారన్న గుర్తు" అనేవారు. పెన్సిలు చెక్కిన పొట్టు జేబులో వేసుకునేవారు గాని పార్కులో పడనిచ్చేవారు కాదు. పుట్టింది కొల్లేటి లంకలో. "కొల్లేటివారై ఉండి కొంగల్ని గీయరేమండీ?" అని ఆటపట్టిస్తే, "కొంగ మనకోసం ఆగదండీ. చెట్టయితే రేపు కూడా ఉంటుంది" అని నవ్వేవారు. నేను బట్టల కొట్టువాణ్ణి; వేప, కొబ్బరి తప్ప నాకు చెట్లు తెలియవు. ఆయన పుణ్యమా అని పది పేర్లు నేర్చుకున్నాను.

పోయినేడు మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లయింది. మాస్టారు వచ్చి అక్షింతలు వేసి వెళ్లారు. పది రోజుల తర్వాత పార్కులో చూద్దును కదా, ఆయన ఒళ్లో మా అమ్మాయి శుభలేఖ! నాలుగు మూలలా పసుపు అలాగే ఉంది. వెనక ఒక్క ఆకైనా లేని చెట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కొత్త పెళ్లికూతురి శుభలేఖ మీద మోడు గీస్తారాండీ? ముందూ వెనకా ఎవరూ లేనివారికి శుభాశుభాలు ఏం తెలుస్తాయిలెండి!"

బెంచీ అంతా విన్నది. "మోడు కాదండీ, బూరుగండీ. ఒక్కసారి చూడండి" అంటూ ఆయన కార్డు చాపారు. నేను చూడకుండా లాక్కుని వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఏవండీ, మోడెక్కడండీ ఇందులో? కొమ్మకొమ్మకీ మొగ్గలున్నాయి. పూతకొచ్చిన బూరుగండీ ఇది, పూసేముందు ఆకు రాల్చేస్తుంది. వెళ్లి ఆ పెద్దాయనకి ఒక్క మాట చెప్పి రండి."

మర్నాడు వెళ్లేసరికి మాస్టారు మా బెంచీ మీద లేరు. పార్కు ఆ చివర, వెనక గేటు పక్కనున్న సిమెంటు బెంచీకి మారిపోయారు. మీరే చెప్పండి, అక్కడిదాకా వెళ్లి "తప్పయిపోయింది మాస్టారూ" అనడానికి ఎంతసేపు? కానీ నలుగురిలో అన్న మాట నలుగురూ చూస్తుండగా వెనక్కి తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఏడాది దాటిపోయింది. పైగా ఆయన ఎదురుపడకుండా, నడిచే దారిని మధ్యలోనే మళ్లించేశాను. ఎందుకని అడక్కుండా మా బెంచీవాళ్లూ నా వెనకే మళ్లారు. ఆయన మాత్రం ఒక్కరోజు కూడా పార్కు మానలేదు. చేసింది పాపమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, వినడానికి ఆయన లేరు.

మంగళవారం ఆ చివరిదాకా ఒక్కణ్ణీ నడిచి, ఆయన బెంచీ మీద కూర్చున్నాను. మా మొహాలు చూడలేక ఇంత దూరం వచ్చేశారని ఇన్నాళ్లూ అనుకున్నాను. తలెత్తి చూస్తే, చెట్ల సందులోంచి సూటిగా మా బెంచీ కనిపించింది. మావాళ్లు ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుంటున్నారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఏ నవ్వు ఎవరిదో కూడా ఇక్కడికి తెలుస్తోంది.

చాలాసేపు కూర్చున్నాను. ఒక్కరూ ఇటు చూడలేదు.