పింగాణీ తట్టలో లేని మొహం

ఒక మాట అడుగుతాను, గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పండి... చిన్నప్పుడు ఆడిన అబద్ధం చిన్నదే అనుకుంటున్నారా?

మా చిన్నప్పుడు... వడమాలపేటలో ఇంటి వెనక రేకుల షెడ్డే మా నాయన స్టూడియో. నాయన బోర్డులు రాసే ఆర్టిస్టు. పుత్తూరు నుంచి తిరుపతి దాకా ఎన్ని అంగళ్ళ పేర్లు ఆయన కుంచె కింద పుట్టినాయో! ఇటుకలు పేర్చి సొంతంగా ఒక బట్టీ కట్టుకుని, తెల్ల పింగాణీ తట్టల మీద బొమ్మలేసి కాల్చడం కూడా నేర్చుకున్నాడు.

ఒక శనివారం సాటి ఆర్టిస్టులను పిలిచినాడు. "ఒక్కరోజు బోర్డులు పక్కన పెట్టండప్పా... మీకోసం మీరు బొమ్మేసుకోండి" అని. అమ్మ పొద్దున్నే సంకటి కెలికి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరింది. షెడ్డు నిండా చాపలు పరిచినాం.

నాయన అందరికీ ఒకటే హెచ్చరిక. "నేనిచ్చే పొడి రంగులే వాడండి. ఇప్పుడు బురద మాదిరి కనపడతాయి, కాలినాకే అసలు రంగు తేలేది. మన డబ్బా పెయింటు మాత్రం ముట్టొద్దు. మంటకు నిలవదు, బూడిదైపోతాది."

"బురద పూసి పూలు కోసుకోమంటావు!" అన్నాడొకాయన.

"నువ్వు రాసే అక్షరాలకు బురదే ఎక్కువలే" అన్నాడు పక్కాయన. షెడ్డంతా నవ్వులు...

ఎల్లప్ప పెదనాయన మాత్రం నగరిలో బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చినాడు. నాయనకు తోడబుట్టినవాడు కాదు, కుంచె పట్టడం నేర్పినవాడు. అప్పటికి నాయన బట్టీకి కట్టెలు సర్దుతున్నాడు. "పాపా, పెదనాయనకు ఆ డబ్బా పెయింటు మాట నువ్వు చెప్పు" అన్నాడు.

"చెప్తాలే నాయనా" అని... ఊరుబిండి వాసనకు వంటింట్లోకి దూరినాను.

తిని వచ్చేసరికి తట్ట మీద ఒక ఆడమనిషి కూర్చోనుంది. చీర, జడ, కమ్మలు నాయనిచ్చిన పొడి రంగులతోనే వేసినాడు పెదనాయన. మొహం దగ్గర ఆ బురద రంగు ఆయనకు నచ్చలేదు. సంచిలోంచి తన డబ్బాలు తీసి, వాటితో దిద్దేసినాడు.

"ఎవురు పెదనాయనా?"

"మీ పెద్దమ్మ. పోయేలోపల ఒక్క ఫోటో అన్నా తీయించలేకపోతి కదా పాపా. నాలుగేండ్లుగా గీస్తానే ఉండాను, మొహం కుదర్లా. ఈ పొద్దు సూడు... వచ్చేసినాది. నవ్వుతాండాది సూడు!"

నిజంగానే నవ్వుతోంది. ఆయన కండ్లలో నీళ్ళు. "తుడిచేయి పెదనాయనా" అని ఏ నోటితో చెప్పేది?

మధ్యాహ్నం ఎవరి తట్ట వాళ్ళే బట్టీలో పెట్టినారు. తలుపు మూయబోతూ నాయన నా వైపు తిరిగి "చెప్పినావా పాపా?" అన్నాడు.

"చెప్పినా."

అంతే. తలుపు మూసినాడు. మంట పెట్టినాడు.

కాసేపటికి పెయింటు కాలే వాసన గుప్పుమంది. నాయన మొహం పాలిపోయింది. "డబ్బా పెయింటు ఎవురప్పా వాడింది?"

పెదనాయన లేచినాడు. "నేనే. ఏమైంది?... తలుపు తీయరా! తీయి!"

"తీస్తే గాలి తగిలి అందరివీ పగిలిపోతాయన్నా. తీసినా అది మిగల్దు..."

అంత పని తెలిసిన పెదనాయన చేతులు, ఆ మంట ముందర ఊరికే వేలాడినాయి.

అందరూ వెళ్ళిపోయినా పెదనాయన ఉండిపోయినాడు. మరునాడు పొద్దున బట్టీ తెరిచినారు. చీర నీలంగా మెరుస్తోంది. కమ్మలు మెరుస్తున్నాయి. మొహం చోట చిటికెడు బూడిద. పెదనాయన వేలితో తుడిచినాడు... కింద తెల్లటి పింగాణీ.

నాయన కొత్త తట్ట చేతికిచ్చినాడు. "మళ్ళీ వెయ్యన్నా." పెదనాయన కుంచె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత కింద పెట్టేసినాడు.

"నిన్న వచ్చింది రా... ఈ పొద్దు రాలా."

ఇంకాసేపటికి ఆయనకు కోపం వచ్చింది. "ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది రా?"

"పాప చెప్పింది కదన్నా! నువ్వే ఇనుకోలా!"

పెదనాయన నా వైపు చూసినాడు. నేను నేల చూసినాను. ఆయన నన్ను పట్టియ్యలేదు... తట్ట తువ్వాల్లో చుట్టుకుని బస్సు స్టాండుకు నడిచిపోయినాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆయన చనిపోయినప్పుడు కూడా నాయన పంతానికి నగరి పోలేదు.

బడి చదువు నాకు అబ్బలేదు. పెద్దయినాక బైబిలు వాక్యం నాకు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. ఏర్పేడు నుంచి నగరి దాకా మైకు పట్టుకుని అరవని సందు లేదు. ఆ వాక్యంలో రెండు కుండలున్నాయి, చూడండి. ఒకటి సారె మీద చెడిపోయింది, కుమ్మరి దాన్ని పిసికి మళ్ళీ చేసినాడు. పక్క అధ్యాయంలోనే ఇంకొకటి... కాలిన కూజా. పగిలితే మళ్ళీ అతికేది లేదు. మొదటి కుండ గురించి గొంతు పోయేదాకా ప్రకటించినాను. రెండోదాని దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తాను.

ఇప్పుడు ఫ్లెక్సీలొచ్చి కుంచెలు ఎండిపోయినాయి. తిరుపతిలో పిల్లలు కప్పులకు రంగులేసి, కరెంటు బట్టీలో కాల్పించుకుని ఫోటోలు పెడుతున్నారు. చూసి మురిసిపోతాను... నాయన మాత్రం అప్పటినుంచి బట్టీ ముట్టలేదు. ఇప్పటికీ అంటాడు, "పాప చెప్పినా మా అన్న ఇనలేదు" అని. నేను ఊకొడతాను. ఇన్నేండ్లూ ఊకొట్టినాను, తల్లీ... తండ్రీ...

నాయన వాకిట్లో పేపరు చూస్తున్నాడు. ఇది పోస్టు చేసి, ఆయన దగ్గరికే లేచి పోతున్నాను.

మీకూ ఇట్లాంటి మాట ఒకటి ఉంటే కామెంట్లో రాయొద్దు. ఆ మనిషి దగ్గరికి పోండి. రేపు కాదు, ప్రార్థన చేసుకుని మంచిరోజు చూసుకుని కాదు. పెదనాయనకు చెప్పే రోజు నాకిక రాదు... మీవాళ్ళు ఇంకా ఫోనెత్తుతారు కదా? చెయ్యండి. ఈ పొద్దే, ఇప్పుడే చెయ్యండి.