చదువరి ఎవెలియో తోలిన ఈగలు

ఎవెలియో పెద్రాసా చదువుతున్న పేజీ మీద చెయ్యి ఆడించి ఈగల్ని తోలడం మొదటిసారి చూసినప్పుడు హాలంతా నవ్వింది. ఎందుకంటే అక్కడ ఒక్క ఈగ కూడా లేదు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను.

"పెద్దాయనా, పొద్దున్నే కాఫీలో రమ్ము కలిపావా ఏంటి? నీ ఒక్కడికే కనపడుతున్నాయి ఈగలు!" అని అరిచింది మిగ్దాలియా. నా పక్క బల్ల ఆమెది. నలభై ఏళ్ళుగా చుట్టలు చుడుతోంది. నోటికీ కత్తికీ ఒకటే పదును.

"ఇవి చదువుకున్న ఈగలమ్మా. ఖాళీ చోటు వదిలేసి సరిగ్గా అక్షరం మీదే వాలుతున్నాయి," అన్నాడు ఎవెలియో మైకులోనే. మళ్ళీ నవ్వాం.

హవానాకి పడమట శాన్ హువాన్‌లో మా చుట్టల కార్ఖానాలో నూట ఇరవై మందిమి. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ చెవుల కోసమే చదువరి, అరుగు మీద కూర్చుని మైకులో చదివి వినిపించేవాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. అతన్ని మేమే ఓటేసి ఎన్నుకుంటాం. చదివింది నచ్చితే ఆకు కోసే పిడిలేని వంపు కత్తిని చెక్క మీద టకటకా కొడతాం. నచ్చకపోతే నేల మీద పడేస్తాం. ఎవెలియో ఇరవై ఏడేళ్ళు చదివాడు. అతని కోసం ఒక్క కత్తీ నేల మీద పడలేదు.

అతని తల్లి ఇదే కార్ఖానాలో ఆకుల ఈనెలు తీసేది. నిండు నెలల్లోనూ పనిలోకి వచ్చింది. "పుట్టకముందే పదకొండు నవలలు విన్నాను. పన్నెండోది మంచి పట్టులో ఉండగా బయటికి లాగేశారు. అందుకే అంతలా ఏడ్చాను," అనేవాడు. ఎనిమిదో ఏట చెరకు ఆకు కోసుకుని ఎడమ కన్ను పోయింది. దానికి వెలుగూ చీకటీ తప్ప తెలియవు. ఇరవై ఏడేళ్ళ చదువంతా కుడి కన్ను ఒక్కటే మోసింది. భార్య పోయాక కూడా తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు. అరుగు ఎక్కేముందు ఉప్పునీళ్ళు పుక్కిలించేవాడు. నవలలో విధవరాలి మాటలు చదివేటప్పుడు అతని గొంతు విని మీసాలున్న మగవాళ్ళు కూడా తలవంచుకుని ఆకు సర్దుకునేవాళ్ళు.

నా సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంజనీరింగు మూడో ఏట వదిలేశాను. దానికి ముందు గిటారు వదిలేశాను, తర్వాత మోటారు సైకిళ్ళ రిపేరు వదిలేశాను. పేరు యాద్రియెల్, కానీ హాల్లో అందరూ వెక్కిరింపుగా "ఇంజనీరు" అనేవాళ్ళు.

ఈగల తర్వాత వారం, పేపరు చదువుతూ ఎవెలియో బేస్‌బాల్‌లో మన జిల్లా పినార్ జట్టు గెలిచిందన్నాడు. హాలు హాలంతా కత్తులు మోగించింది. నేను ఆ పేపరు పొద్దున్నే చూశాను. విరామంలో ఎవెలియోని కుళాయి దగ్గర పట్టుకున్నాను. సీమచామంతి కషాయంతో కళ్ళు కడుక్కుంటున్నాడు.

"మాస్టారూ, నిన్న మనవాళ్ళు చిత్తుగా ఓడారు. మీరొక్కరే గెలిపించారు."

ఆయన మొహం తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"పొగాకు నుసి అనుకున్నానురా మొదట," అన్నాడు. "ఎంత కడిగినా పోదు. నల్లటి చుక్కలు, సాలీడు దారాలు. ఇటు చూస్తే ఇటు ఈదుతాయి, అటు చూస్తే అటు. పక్కన ఎవరో ఫోటో తీసినట్టు తళుక్కున మెరుపు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు."

"డాక్టరుకి చూపించండి."

"చూపిస్తే చదవొద్దంటారు. చదవని చదువరిని ఏం చేసుకుంటారు ఇంజనీరూ? ఉప్పేసుకుని నంజుకుంటారా? ఎవరితోనూ అనకు."

అనలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఒక ఉపాయం కూడా చెప్పాను. రోజూ సాయంత్రం వాళ్ళ వరండాలో మర్నాటి అధ్యాయం నేను చదివి వినిపిస్తాను, ఆయన గుర్తుపెట్టుకుని పుస్తకం ముందు పెట్టుకుని అప్పజెప్పేస్తాడు. పేపరు వార్తలు పొద్దున్నే కుళాయి దగ్గర చదివి వినిపిస్తాను. ఆయనకి ఒక్కసారి వింటే చాలు. ఊగుడు కుర్చీలో కళ్ళు మూసుకుని, నేను తడబడిన చోట కూడా తడబడకుండా తిరిగి చెప్పేవాడు. మూడు వారాలు ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదనే అనుకున్నాం.

నేను చేసిన అసలు పాడుపని ఇంకొకటుంది.

నవల ఒక పడవవాడి కూతురు ఎల్విరా కథ. సగానికొచ్చేసరికి చప్పబడింది. ఆ అమ్మాయి గుమాస్తాని చేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది, రచయిత పది పేజీలు గోడల్ని వర్ణిస్తాడు. ఒక సాయంత్రం విసుగొచ్చి, ఆ ఊరి చర్చిలో నలభై ఏళ్ళుగా మోగని గంట ఒకటుందనీ, దాన్ని మోగిస్తానని ఎల్విరా పందెం కాసిందనీ నోటికొచ్చింది కల్పించి చదివేశాను. ఎవెలియో కళ్ళు తెరిచాడు.

"ఇది పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"సరే, కానీ."

మర్నాడు ఆయన గొంతులో ఆ గంట సంగతి రాగానే హాలు టకటకలాడింది. నా మాటలకి! నా జన్మలో నేను చేసిన పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తిండి మానేసి కాగితాలు రాసేవాణ్ణి. వాటిని పుస్తకంలో దాచుకుని వరండాకి వెళ్ళేవాణ్ణి. ఆయన కన్ను ఎలా ఉందని అడగడం కూడా మర్చిపోయాను. మర్చిపోయాననడం అబద్ధం. అడగాలనిపించలేదు.

ఒక మంగళవారం ఆయన కుర్చీ ఊపలేదు.

"ఇంజనీరూ, కింది మూల నుంచి తెర లేస్తోంది. టోపీ అంచు తలకిందులుగా పెట్టినట్టు. రేపు లారీ పట్టుకుని పినార్ ఆసుపత్రికి పోతాను."

శుక్రవారం ఎల్విరా గంట మోగించాలి. రెండు వారాల నుంచి హాలంతా దానికోసమే చూస్తోంది. కాగితాలు నా చేతిలో ఉన్నాయి.

"శుక్రవారం దాకా ఆగండి మాస్టారూ," అన్నాను. "కథ మంచి పట్టులో ఉంది. కన్ను ఇన్నాళ్ళు ఆగింది, మూడు రోజులు ఆగదా?"

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. ఎంత కనపడిందో తెలియదు.

"మధ్యలో వదిలేయడం మంచిది కాదు. నిజమే," అన్నాడు. "చదువు."

శుక్రవారం గంట మోగింది. అంత చప్పుడు ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు. కత్తుల దెబ్బకి బల్లల మీది ఆకు నుసి లేచింది. మిగ్దాలియా లేచి నిలబడి కొట్టింది. ఎవెలియో తలవంచి అభివాదం చేసి, పుస్తకం మూసి, అరుగు దిగబోయాడు. ఇరవై ఏడేళ్ళు దిగిన మెట్టు. కాలు గాల్లో పెట్టాడు.

మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. కానీ లేపినప్పుడు నా మొహాన్ని చేత్తో తడిమి, "ఎవరు?" అన్నాడు.

శనివారం ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు నా అక్కంత వయసుది. చాలాసేపు లైటు వేసి చూసింది.

"మెరుపులు ఎప్పటినుంచి?"

"నెల దాటిందమ్మా."

"తెర?"

"మంగళవారం."

ఆమె లైటు ఆర్పింది. "కంటి వెనక పొర చిరిగి, ఊడి వచ్చేసింది. మెరుపులప్పుడే వస్తే లేజరుతో చిరుగు చుట్టూ అతికించేసేవాళ్ళం. మంగళవారానికి కూడా చూపు నడిబొడ్డు ఇంకా అంటుకునే ఉండి ఉంటుంది. ఇప్పుడది కూడా లేచిపోయింది. హవానా పంపిస్తాను, ఆపరేషను చేస్తారు. కానీ అక్షరాలు చదివే చూపు వస్తుందని మాటివ్వలేను. మంగళవారం నుంచి ఏం చేస్తున్నారు మీరు?"

నేను నేల చూశాను.

"లారీ దొరకలేదు డాక్టరమ్మా," అన్నాడు ఎవెలియో. "మా ఊరి లారీల సంగతి మీకు తెలియంది కాదు."

హవానాలో ఆపరేషను చేశారు. మనిషి ఆకారం తెలుస్తోంది, తలుపెక్కడో తెలుస్తోంది. అక్షరం మాత్రం రాలేదు. రెండు నెలల తర్వాత కార్ఖానాలోనే చిన్నవీ పెద్దవీ వేరుచేసి ఆకు ఏరే గదిలో పని ఇచ్చారు. అక్కడ వేళ్ళుంటే చాలు. ఓటు జరిగేదాకా చదవమని నన్ను అరుగెక్కించారు. ఎందుకంటే నేను "చదువుకున్నవాణ్ణి."

మొదటిరోజు పేపరయ్యాక విరామంలో మిగ్దాలియా కాఫీ ఇస్తూ అంది, "గొంతు పర్వాలేదురా ఇంజనీరూ. కాకపోతే పేజీలు తిప్పడం నేర్చుకున్నావు, పెద్దాయన చివర్లో అదీ మానేశాడు."

"అంటే?"

"అంటే ఏముంది? మూడు అధ్యాయాలు ఒకే పేజీ మీద చదివాడు. గుడ్డివాళ్ళమా మేము?"

"తెలిసి ఊరుకున్నారా అత్తా?"

"మరేం చేయమంటావు? కత్తి కింద పడేసి ఆయన పరువు తీయమంటావా? కొట్టాం. గట్టిగా కొట్టాం. ఆ పిచ్చిగంట కథక్కూడా కొట్టాం."

కాఫీ కప్పు బల్ల మీద పెట్టాను. "పిచ్చిగంటా?"

"ఆ పుస్తకం ఈ హాల్లో ఇదివరకు రెండుసార్లు చదివారురా. నా పెళ్ళికి ముందొకసారి, మా చిన్నాడు పుట్టాకొకసారి. అందులో గంటా లేదు, గాడిదగుడ్డూ లేదు. పాపం కనపడక నోటికొచ్చింది అల్లుతున్నాడని జాలేసింది. ఎంత చెత్తగా ఉంటే అంత గట్టిగా కొట్టాం." ఆమె ఏప్రాన్ అంచుతో కళ్ళొత్తుకుంది. "అలా కొట్టి కొట్టి ఆయన్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టేశాం. నోరు తెరిచి ఒక్కళ్ళం 'ఆసుపత్రికి పో' అనలేదు."

మధ్యాహ్నం నవల తెరవలేదు. మైకు పట్టుకుని మంగళవారం సంగతి చెప్పాను. వరండా, కాగితాలు, శుక్రవారం దాకా ఆగండన్న మాట, లారీ దొరకలేదన్న అబద్ధం ఎవరి కోసమో కూడా. తర్వాత మిగ్దాలియా చెయ్యి చాపి తన కత్తి నేల మీద పడేసింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత లెక్క తెలియలేదు.

దిగి ఆకు ఏరే గదికి వెళ్ళాను. ఎవెలియో ఒళ్ళో ఆకు పరుచుకుని బొటనవేలితో నిమురుతున్నాడు.

"ఏంటా చప్పుడు? కత్తులు పడ్డట్టుంది," అన్నాడు. "ఎవరికి?"

"నాకు, మాస్టారూ. అంతా చెప్పేశాను."

ఆయన ఆకు తిరగేశాడు. నేను అడగక తప్పలేదు. "ఆ పుస్తకం ఇంతకుముందు మీరు చదివారట."

"రెండోసారి చదివింది నేనే. మొదటిసారి నా ముందాయన."

"గంట లేదని తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు ఆగారు? నేను ఆగమంటే మాత్రం ఆగుతారా?"

"నువ్వు ఏదైనా చివరిదాకా చేయడం చూడలేదురా ఎప్పుడూ," అన్నాడు. "ఆ కాగితాలు వణికే చప్పుడు నాకు వినపడేది. మూడు రోజులే కదా అనుకున్నాను. లెక్క తప్పింది. నువ్వు తప్పావు, నేనూ తప్పాను." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆయన చేతిలో ఆకు తీసుకుని పెద్దవాటిలో పెట్టబోయాను. "అది కాదు, చిన్నవాటిలో," అన్నాడు, చూడకుండానే. ఇంకో ఆకు అందుకుని, "సాయంత్రం వస్తావా?" అని అడిగాడు.

"వస్తాను."

"ఈసారి పుస్తకంలో ఉన్నదే చదువు. గోడలతో సహా."